మా దగ్గర దాచకండి: శ్రీకాకుళం జిల్లాలో కొత్త కంపెనీలు నడుపుతున్నవారికి బహిరంగ లేఖ

మన జిల్లాలో ఈ నాలుగైదేళ్లలో కంపెనీలు పెట్టి నడుపుతున్న అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ నమస్కారం.

నాది మందస మండలంలో ఒక పల్లె. కాశీబుగ్గలో జీడిపప్పు ప్యాకెట్లు చేసి ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న కంపెనీలో ప్యాకింగ్, డిస్పాచ్ పనులు చూసుకుంటాను. కంపెనీకి మూడేళ్లు నిండాయి. అందరం కలిపి నలభైమందిమి. ఇంతకుముందు మన జిల్లాలోనే ఇంకో కొత్త కంపెనీలో చేశాను. దానికి ముందు హైదరాబాద్‌లో మూడేళ్లు కాల్‌సెంటర్ ఉద్యోగం.

పోయిన నెలలో మా యజమానిని కలవడానికి మీలో ముగ్గురు మా షెడ్డుకు వచ్చారు. నేను స్టాకు లెక్కలు ఇవ్వడానికి గదిలోకి వచ్చినప్పుడు మీ మాటలు చెవిన పడ్డాయి. "మనుషులు నిలబడటం లేదండీ. పని నేర్పుతాం, ఆరు నెలలు తిరక్కుండా వెళ్లిపోతారు. ఉన్నవాళ్లకు కూడా పని మీద మనసుండదు. పుట్టినరోజులకు కేకులు కోయిస్తున్నాం, వైజాగ్ నుంచి ఒకాయన్ని పిలిపించి స్పీచ్ కూడా ఇప్పించాం. ఇంకేం చెయ్యాలి?" అని ఒకరు అడిగారు. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది. నేను కాగితాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ రోజు నోరు తెరిచి చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. మా యజమానికి చూపించే బయటపెడుతున్నాను.

నేను అడిగేది పెద్దదేం కాదు. కంపెనీ పరిస్థితి ఏమిటో ఉన్నదున్నట్టు మాకు చెప్పండి. మా పని గురించి మాకు తెలిసింది మమ్మల్ని అడగండి. కేకులు, స్పీచ్‌లు తర్వాత చూసుకోవచ్చు.

ముందు మీ దగ్గర పనిచేస్తున్నవాళ్లు ఎవరో ఒకసారి చూడండి. మన జిల్లా అంటేనే వలస. సాయంత్రంపూట పలాస స్టేషన్లో నిలబడితే తెలుస్తుంది, విశాఖ వైపు వెళ్లే బండి జనరల్ బోగీలో కాలు పెట్టడానికి చోటుండదు. తాపీ పనికి, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ పనికి, కంపెనీల్లో సెక్యూరిటీకి హైదరాబాద్, చెన్నై పోతారు. తీరం ఊళ్లవాళ్లు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. అలా వెళ్లినవాళ్లలో కొందరు 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఇంత వలస ఉన్న చోట ఊరు వదలకుండా మీ దగ్గర చేరినవాళ్లు చాలామంది గతిలేక చేరినవాళ్లు కారు. లెక్క వేసుకునే చేరారు. హైదరాబాద్‌లో వచ్చేదానికన్నా ఇక్కడ తక్కువ వస్తుందని వాళ్లకు తెలుసు. అమ్మానాన్నల దగ్గర ఉండొచ్చు, పిల్లల్ని అత్తగారికి అప్పగించి పనికి రావొచ్చు, అద్దె మిగులుతుంది అనుకుని వచ్చారు. నేనూ అలాగే వచ్చాను. మీరు ఉద్యోగం ఇవ్వడం మాకు ఎంత మేలో, మేం ఇక్కడ ఆగిపోవడం మీకూ అంత మేలు. ఈ రెండోది చాలామంది యజమానులకు గుర్తుండదు. "ఊళ్లోనే ఉద్యోగం ఇచ్చాం కదా, ఇంకేం కావాలి" అనే మాట నా చెవులతో నేను విన్నాను.

ఇప్పుడు నా పాత కంపెనీ సంగతి చెబుతాను. పేరు చెప్పను. ఆ పెద్దమనిషి మీద నాకు కోపం లేదు, ఇప్పటికీ గౌరవమే.

పల్లెల్లోని కిరాణా కొట్ల దగ్గర ఫోన్లో ఆర్డర్లు తీసుకుని సరుకులు చేర్చే కంపెనీ అది. ఒక డాబా ఇంటి పైఅంతస్తులో ఆఫీసు. ఇరవై ఆరుమందిమి. యజమాని ఇంజినీరింగ్ చదివి, బెంగళూరులో ఉద్యోగం మానుకుని వచ్చి పెట్టారు. మొదటి ఏడాది ఎంత ఉత్సాహంగా ఉండేదో చెప్పలేను. ఆదివారం కూడా వెళ్లేవాళ్లం, ఎవరూ రమ్మనకుండానే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా నాన్న పెంచిన జీడితోట, ఇంటి చుట్టూ ఉన్న కొబ్బరిచెట్లు ఒక్క పూటలో నేలకూలాయి. ఉద్దానంలో ఆ రోజు ఏడవని ఇల్లు లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్డు మీద ఎక్కడ చూసినా పడిన చెట్లే. నాలుగో రోజున మా యజమాని మోటారుసైకిలు మీద మా ఊరొచ్చారు, వెనకాల రెండు నీళ్ల క్యాన్లు తాడుతో కట్టుకుని. కొవ్వొత్తుల ప్యాకెట్లు అమ్మ చేతిలో పెట్టి, "పని సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇల్లు చక్కబెట్టుకోండి" అని వెళ్లిపోయారు. ఈ మనిషి కోసం ఎంత కష్టమైనా పడొచ్చు అని ఆ రోజు మా నాన్న అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

అలాంటి మనిషి కంపెనీ ఏడాది తిరిగేసరికి ఖాళీ అయిపోయింది. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ఒకటో తేదీన పడే జీతం ఒక నెల ఐదున పడింది. తర్వాతి నెల పదకొండున. అడిగితే "బ్యాంకులో ఏదో ప్రాబ్లం" అన్నారు. ఆ తర్వాతి నెల సగం పడింది, మిగతాది ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. యజమాని ఉదయం రావడం, గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవడం, చీకటి పడ్డాక దిగిపోవడం. ముందు మా బల్లల దగ్గరికి వచ్చి "ఈ రోజు ఎన్ని ఆర్డర్లు?" అని అడిగే మనిషి మా వైపు చూడటం మానేశారు. జీతం ఆలస్యం కంటే అది మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది. కంపెనీ మూసేస్తున్నారన్న మాట కింద టీకొట్టు అతని దగ్గర విన్నాం. ఎవరో కొనేస్తున్నారని డెలివరీ వ్యాను డ్రైవరు చెప్పాడు. ఒకమ్మాయి ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూస్తే, జీతంలో కోసిన సొమ్ము మూడు నెలలుగా జమ కాలేదు. ఆ మధ్యాహ్నం ఆఫీసులో ఒక్కరూ పని చెయ్యలేదు. అందరం ఫోన్లు పట్టుకుని పాస్‌బుక్‌లు చూసుకుంటూ కూర్చున్నాం. మర్నాటి నుంచి సెలవులు మొదలయ్యాయి. అందరికంటే బాగా పనిచేసేవాళ్లు అందరికంటే ముందు వెళ్లారు, వాళ్లకు బయట ఉద్యోగం దొరకడం తేలిక కాబట్టి. నేను ఆరో నెలలో వెళ్లాను.

రెండేళ్ల తర్వాత రథసప్తమికి అరసవల్లి వెళ్తే క్యూలో ఆయన కనిపించారు. పక్కకు వచ్చి చాలాసేపు మాట్లాడారు. పెద్ద కొట్టువాళ్లు ఇద్దరు బాకీ ఎగ్గొట్టారట. ఆ సగం జీతం ఇవ్వడానికి భార్య నగలు తాకట్టు పెట్టారట. "మీకు చెబితే భయపడిపోతారని చెప్పలేదమ్మా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆయన మమ్మల్ని ఒక్కసారి కూర్చోబెట్టి, "ఇదీ పరిస్థితి, ఇంత రావాలి, ఇంత ఇవ్వాలి, రెండు నెలలు సగం జీతమే ఇవ్వగలను, ఉండగలిగినవాళ్లు ఉండండి" అని ఉంటే మాలో పదిహేనుమందిమైనా ఉండేవాళ్లం. ఇది నా ఊహ కాదు. ఆ తర్వాత కలిసినప్పుడల్లా ఒకరినొకరు అడిగి చూసుకున్నాం. బాకీలు వసూలు చెయ్యడానికి మాలో నలుగురు వెంట వెళ్లేవారు కూడా, ఆ కొట్లవాళ్లతో రోజూ మాట్లాడేది మేమే కదా.

మమ్మల్ని కాపాడాలనే ఆయన దాచారు. కానీ నిజం తెలియని చోట మనిషి పుకారుతో బతుకుతాడు. ఆ పుకారు ఎప్పుడూ నిజం కంటే భయంకరంగానే ఉంటుంది. మీలో ఎవరైనా ఇప్పుడు అలాంటి కష్టంలో ఉంటే, దయచేసి ఈ వారమే మీవాళ్లకు చెప్పండి. టీకొట్టు దగ్గర వినే లోపల మీ నోటితో వినాలి.

జీతం గురించి ఇంకొక్క మాట. అది తేదీకి పడితేనే మిగతావి మాట్లాడుకోగలం. నెల జీతాలు తర్వాతి నెల ఏడో తేదీ దాటకుండా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఇరవైమంది ఉంటే పీఎఫ్ కట్టాలి. పదిమంది ఉంటే, 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వైద్య బీమా ఉండాలి. దానికి మా జీతంలో కోసేది నూటికి ముప్పావలా, మీరు వేసేది మూడుంపావు. మన ఇళ్లల్లో ఒక్క ఆపరేషన్ వస్తే ఎలా ఉంటుందో మీకూ తెలుసు, ఈ చిన్న మొత్తం ఎంత ధైర్యమో కూడా తెలుసు. "స్టార్టప్ కదా, ఇంకా అవన్నీ పెట్టలేదు" అని కొందరు అంటున్నారు. పెట్టండి. పీఎఫ్ మెసేజ్ ఫోన్‌కు వచ్చిన రోజున మాలో ఒకమ్మాయి దాన్ని వాళ్ల నాన్నకు చూపించింది. తన కూతురు చేస్తున్నది నిజమైన ఉద్యోగమేనని ఆ తండ్రికి ఆ రోజు నమ్మకం కుదిరింది.

బీకాంలో మాకు హెర్జ్‌బర్గ్ అనే అమెరికా సైకాలజిస్టు గురించి ఒక పాఠం ఉండేది. 1950లలో పిట్స్‌బర్గ్‌లో రెండు వందలమంది వరకు ఇంజినీర్లను, అకౌంటెంట్లను కలిసి, ఉద్యోగంలో ఎప్పుడు సంతోషపడ్డారు, ఎప్పుడు బాధపడ్డారు అని అడిగాడు. బాధపెట్టిన సంగతులు వేరు, సంతోషపెట్టినవి వేరుగా తేలాయి. జీతం, పనిచేసే చోటు, పైవాడి తీరు బాగా లేకపోతే మనిషి బాధపడతాడు. అవి బాగున్నంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదు. ఆ ఇష్టం పనిలోంచే రావాలి, చేసిన పని ఎవరైనా గుర్తించడంలోంచి, బాధ్యత అప్పగించడంలోంచి రావాలి. అప్పుడు పరీక్ష కోసం చదివాను. ఇప్పుడు మా షెడ్డులో కళ్లారా చూస్తున్నాను.

మా కంపెనీ మొదటి ఏడాది, దసరా ముందు, బెంగళూరు పంపిన ప్యాకెట్లు వాపసు రావడం మొదలైంది. పప్పు మెత్తబడిపోయిందని, పాత వాసన వస్తోందని ఫిర్యాదులు. మా యజమాని ముందు పప్పునే అనుమానించారు, డ్రయ్యర్‌లో సరిగా ఆరలేదేమోనని. తర్వాత కవర్లు అమ్మినవాళ్లను మార్చారు. కొరియర్‌వాళ్లతో గొడవ పడ్డారు. నెల గడిచింది, వాపసులు ఆగలేదు.

సీలింగ్ మిషను దగ్గర వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే ఒక అక్క పనిచేస్తుంది. పెద్దగా మాట్లాడదు. ఒక సాయంత్రం బస్సు ఆలస్యమై ఇద్దరమే ఉంటే, ఊరికే అడిగాను, "అక్కా, నీకేమనిపిస్తోంది, ఎక్కడ తేడా?" అని. ఆమె నా వైపు ఒక నిమిషం చూసి, లేచి వెళ్లి రెండు ప్యాకెట్లు తెచ్చింది. ఒకటి ఉదయం సీలు వేసింది, ఇంకొకటి సాయంత్రం వేసింది. ఉదయం ప్యాకెట్టు అంచు మీద సన్నగా, వరసగా గీతలు పడి తెల్లగా ఉంది. సాయంత్రం దాని అంచు నున్నగా మెరుస్తోంది. రెండు వేళ్లతో పట్టి లాగింది, సీలు విడిపోయింది. "సాయంత్రం వోల్టేజి పడిపోతాది కదమ్మా, మిషను వేడెక్కదు. సీలు పైపైన అంటుకుంటాది అంతే" అంది. ఎప్పటి నుంచి తెలుసు అంటే, మొదటి వారం నుంచీ తెలుసట. "మరి చెప్పలేదేం?" అన్నాను. "నన్నెవులడిగినారమ్మా?" అంది.

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. మామూలుగా అంది. అందుకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నెల రోజులుగా మేం ఏసీ గదిలో కూర్చుని వెతికిన జవాబు, మాకు ఇరవై అడుగుల దూరంలో, రోజుకు ఎనిమిది గంటలు ఆ మిషను ముందు కూర్చునే ఉంది.

మర్నాడు ఆమె ఆ రెండు ప్యాకెట్లను మా యజమాని ముందు తనే లాగి చూపించింది. స్టెబిలైజర్ పెట్టించారు, సాయంత్రం నాలుగు దాటాక పది ప్యాకెట్లకు ఒకటి లాగి చూడాలని రూలు పెట్టారు, ఆ రూలు చూసుకునే బాధ్యత ఆమెకే ఇచ్చారు. జీతం వెయ్యి పెంచారు. ఆమెకు ఆ వెయ్యి సంతోషమే, కాదనను. కానీ ఇప్పుడు ఆమె ఉదయం వచ్చీ రాగానే చేసే మొదటి పని, ముందురోజు ఎన్ని వాపసులు వచ్చాయని అడగడం. ఆ ప్రశ్న అడగమని ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. జీడిపప్పు గ్రేడింగ్‌లో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని పెట్టెల మీద రాస్తాం. మా దగ్గర గ్రేడింగ్ చేసేవాళ్లలో పన్నెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లున్నారు. కంటితో చూసి, చేత్తో తడిమి ఏది ఏ గ్రేడో చెప్పేస్తారు. ఆ నంబరు అంటే ఏమిటో మాత్రం వాళ్లలో ఒక్కరికీ ఎవరూ చెప్పలేదు. ఒక రోజు చెప్పాను. డబ్ల్యూ అంటే తెల్ల గుండు పప్పు. 320 అంటే ఒక పౌండుకు, అంటే 454 గ్రాములకు, మూడు వందల నుంచి 320 గింజలు తూగాలి. 240 అయితే ఇంకా పెద్ద గింజ, అందుకే ధర ఎక్కువ. "ఇన్నేళ్లూ అది పెట్టె నంబరు అనుకున్నానమ్మా" అంది ఒక పెద్దావిడ. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురు ఆడవాళ్లు కాటా దగ్గర చేరి, 454 గ్రాములు తూచి, ఒక్కో గింజ లెక్కపెట్టారు. 311 వచ్చాయి. ముగ్గురి ముఖాల్లో వెలుగు చూడాల్సింది. పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లల్లా ఉన్నారు.

ఈ సంగతి మా యజమానికి చెబితే ఆయన ఒక పరిశోధన గురించి చెప్పారు. హార్వర్డ్‌లో తెరెసా అమాబిలే అనే ప్రొఫెసర్ ఏడు కంపెనీల్లో 238 మందితో రోజూ డైరీ రాయించారట. దగ్గర దగ్గర 12,000 రోజుల డైరీలు. మనిషికి పని మీద ఉత్సాహం ఉన్న రోజుల్లో ఎక్కువగా కనబడింది ఏమిటంటే, ఆ రోజు తన పని కొంచెమైనా ముందుకు సాగడం. అదే ప్రశ్న మేనేజర్లను అడిగితే వాళ్లు దాన్ని అన్నిటికంటే ఆఖరున పెట్టారట. నాకు ఇది ఆశ్చర్యం అనిపించలేదు. మన చోట్ల ఇబ్బంది ఏమిటంటే, పని ముందుకు సాగుతోందో లేదో చేసేవాళ్లకు కనపడదు. ప్యాకెట్టు షెడ్డు దాటాక ఎక్కడికి పోయిందో, తిన్నవాళ్లు ఏమన్నారో, కంపెనీకి ఏం మిగిలిందో మీ ఫోన్లోనే ఉంటుంది.

అందుకే మేం సోమవారం మాటలు మొదలుపెట్టాం. ఉదయం తొమ్మిదికి అందరం షెడ్డులో చేరతాం, పది నిమిషాలు. బోర్డు మీద నాలుగు సంగతులు రాస్తాం. పోయిన వారం ఎన్ని ప్యాకెట్లు వెళ్లాయి, ఎన్ని వాపసు వచ్చాయి, ఎందుకు వచ్చాయి, చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలల జీతాలకు సరిపోతుంది. ఆ నాలుగోది రాయడానికి మా యజమాని మొదట్లో చాలా వెనకాడారు. నేను నా పాత కంపెనీ కథ చెప్పాను. తర్వాతి సోమవారం ఆయనే సుద్దముక్క పట్టుకుని "రెండు నెలలు" అని రాశారు. షెడ్డంతా నిశ్శబ్దం. ఆ వారం ఎవరూ మానేయలేదు. తర్వాత కూడా ఆ లెక్క చూసి భయపడి వెళ్లినవాళ్లు నాకు తెలిసి ఒక్కరే. అతన్ని నేను తప్పుపట్టను, ఇంట్లో అప్పు ఉంది. ఉన్నవాళ్లు మాత్రం తెలిసి ఉన్నారు. పోయిన వేసవిలో జీడిపిక్కల రేటు పెరిగినప్పుడు, ఎనభై కేజీల బస్తా మీద ఎంత పెరిగితే మన ప్యాకెట్టు మీద ఎంత పడుతుందో పీలింగ్ చేసే ఆడవాళ్లు తమలో తాము లెక్కలు వేసుకోవడం విన్నాను. బద్దలు ఎక్కువ పడకుండా చూడాలని వాళ్లలో వాళ్లే చెప్పుకున్నారు. గుండుకూ బద్దకూ ధరలో ఉన్న తేడా ఎవరి జేబుకు తగులుతుందో వాళ్లకు అర్థమైంది.

సెలవుల గురించి రాయకపోతే ఈ ఉత్తరం నా వరకు పూర్తి కాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి తక్కువ. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల ఆసుపత్రి వచ్చాక ప్రయాణం కొంత తగ్గింది, కానీ డయాలసిస్ అంటే వారానికి రెండుసార్లో మూడుసార్లో, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. మా దగ్గర ఆర్డర్లు చూసే కుర్రాడు వాళ్ల నాన్నను తీసుకెళ్తాడు. పాత చోట ఇలాంటి సెలవు అడిగినప్పుడల్లా తలవంచుకుని నిలబడాల్సి వచ్చేదట. ఇక్కడ ఒక్కసారి మాట్లాడుకున్నాం. ఆ రోజుల్లో పొద్దున్నే ఆరింటికి వచ్చి పదకొండుకు వెళ్లిపోతాడు, మిగతా పని రాత్రి ఇంటి నుంచి చేస్తాడు. ఒక్క ఆర్డరు కూడా ఆగలేదు. అతనికి నెల కిందట విశాఖలో ఎక్కువ జీతానికి పిలుపు వచ్చింది. ఎందుకు వెళ్లలేదో నేను అడగలేదు, అడగాల్సిన అవసరం కనబడలేదు.

ఊళ్లో గ్రామదేవత సంబరాలు వస్తాయి, నాట్లు వస్తాయి, తోటలో పిక్కలు ఏరే రోజులు వస్తాయి. ఇవి మీకు కొత్త కాదు, మీరూ ఈ ఊళ్లవాళ్లే. ఏడాది మొదట్లోనే ఎవరికి ఎప్పుడు కావాలో రాయించుకుంటే ఆ రోజున ఎవరూ అబద్ధం చెప్పి సెలవు పెట్టరు. ఆడవాళ్ల విషయంలో సాయంత్రం బస్సు ముఖ్యం. ఐదున్నర బస్సు తప్పితే రాత్రి ఎనిమిది దాకా రోడ్డు మీద నిలబడాలి, ఇంటికి వెళ్లాక అనే మాటలు వేరు. "పది నిమిషాలే కదా" అని ఆపేముందు ఆ పది నిమిషాల వెనక రెండున్నర గంటలున్నాయని గుర్తుంచుకోండి. నలుగురిలో తిట్టకండి. ఒక అమ్మాయిని ప్యాకింగ్ బల్ల దగ్గర అందరి ముందు కేకలేసినందుకు, ఆమెతోపాటు ఇంకో ఇద్దరు మానేసిన చోటు నాకు తెలుసు. ఆ ఇద్దరినీ ఎవరూ ఏమీ అనలేదు. చూశారు, అంతే.

మీలో కొందరు "కంపెనీలో వాటా ఇస్తాం, నాలుగేళ్లు ఉండండి" అని చెబుతున్నారు. మంచి మాటే. కాగితం మీద పెట్టండి. షేర్లు ఇవ్వాలంటే కంపెనీ ఆ పద్ధతిలో రిజిస్టరై ఉండాలి, పార్ట్‌నర్‌షిప్పుకు, సొంత పేరు మీద నడిపే సంస్థకు షేర్లుండవు. ఆప్షన్లు, అంటే ముందే అనుకున్న ధరకు తర్వాత షేర్లు కొనుక్కునే హక్కులు, చేతికి రావడానికి చట్టప్రకారమే కనీసం ఏడాది ఆగాలి. ఎన్ని, ఎప్పటికి, మధ్యలో మానేస్తే ఏమవుతుంది అన్నది తెలుగులో ఒక పేజీ రాసి ఇవ్వండి. ఇవ్వలేకపోతే ఆ మాట ఎత్తకండి. నమ్మి నాలుగేళ్లు ఉన్నవాడికి ఆఖర్న ఏమీ లేదని తెలిస్తే, ఆ ఊళ్లో ఇంకో యజమాని మాట ఎవరూ నమ్మరు.

మొదట్లో చేరినవాళ్ల గురించి కూడా. కంపెనీ కొంచెం పెరగగానే బయటి నుంచి మేనేజర్‌ను తెచ్చి, మొదటి రోజు నుంచి ఉన్నవాళ్ల మీద పెడతారు. అవసరమే కావచ్చు, మాకు రాని పనులుంటాయి. కానీ తీసుకురావడానికి ముందు మాతో ఒక మాట అనండి. ఆ పని నేర్చుకుంటావా అని మాలో ఒకరినైనా అడగండి. నన్ను అడిగారు. ఎక్సెల్ రాదు నాకు అప్పటికి. మూడు నెలలు రాత్రిపూట నేర్చుకున్నాను. డిస్పాచ్ లెక్కలన్నీ ఇప్పుడు నా చేతి మీదుగా వెళ్తున్నాయి.

ఇవన్నీ చేసినా కొందరు వెళ్లిపోతారు. పెళ్లయి వెళ్తారు, గవర్నమెంటు ఉద్యోగం వచ్చి వెళ్తారు, డబ్బు అవసరమై వెళ్తారు. వెళ్లేవాళ్లను మంచిగా పంపండి, జీతం బాకీ ఉంచకండి, పీఎఫ్ కాగితాలకు తిప్పకండి. మా దగ్గర నుంచి వెళ్లిన ఇద్దరు తమ చెల్లెళ్లను ఇక్కడే చేర్పించారు.

మా షెడ్డు కాశీబుగ్గలో ఎక్కడుందో ఆ రోజు వచ్చిన మీ ముగ్గురికీ తెలుసు, మిగతావాళ్లు వాళ్లను అడగండి. ఏ సోమవారమైనా తొమ్మిదికల్లా వచ్చి కూర్చోవచ్చు, మా యజమాని ఒప్పుకున్నారు. బోర్డు మీద నాలుగో లెక్క ఈ వారం "నాలుగున్నర నెలలు" అని ఉంది. సీలింగ్ దగ్గరి అక్క కూడా ఉంటుంది. మీ షెడ్డులో ఏం తేడా వస్తోందో ఆమెకు చెప్పి చూడండి. ముందు మీ మిషను దగ్గర కూర్చునేవాళ్లను అడిగి రండి, ఆమె అదే అడుగుతుంది.

ఇట్లు,
ప్యాకింగ్ ఇన్‌చార్జి,
కాశీబుగ్గ